పంటి కింద సీసం

నాకు కోపం ఎక్కువని మా బడిలో అటెండరు నుంచి హెడ్మాస్టారి దాకా అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. పాతికేళ్లుగా పిల్లలకి సైన్సు చెప్తున్నాను, సుద్దముక్క విసరని రోజు తక్కువ. ఈ సంగతి మాత్రం కోపం చల్లారాక రాద్దామని మూడేళ్లు ఆగాను. చల్లారలేదు. ఇక చల్లారదని తేలిపోయింది కాబట్టి వేడి మీదే రాస్తున్నాను.

మా బడి ఎచ్చెర్ల దాటాక హైవే మీద బస్సు దిగి సముద్రం వైపు లోపలికి వెళ్తే వస్తుంది. రాష్ట్రం విడిపోవడానికి నాలుగైదేళ్ల ముందు మాకో కంప్యూటర్ గది ఇచ్చారు. పదకొండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోయినా అవి ఆగిపోకుండా ఒక యూపీఎస్, దాని పక్కన ఇనప రాకులో పదహారు బ్యాటరీలు. నేర్పడానికి ఒకాయన్ని పెట్టారు. జీతం రాక ఆయన వెళ్లిపోయాడు. మరమ్మతులు చేసే కంపెనీ గడువు తీరిపోయి అదీ వెళ్లిపోయింది. గదికి తాళం పడింది. తాళంచెవీ, ల్యాబ్ ఇన్‌చార్జి అన్న బిరుదూ నాకు దక్కాయి. సైన్సు వచ్చినవాళ్లకి కంప్యూటర్లు వాటంతటవే వచ్చేస్తాయని మా హెడ్మాస్టారి నమ్మకం.

ప్రభుత్వ బడిలో మనిషి పోవడం తేలికే గానీ వస్తువు పోవడం తేలిక కాదు. స్టాకు రిజిస్టర్లో పేరెక్కిన వస్తువు చచ్చిపోయిందని పైనుంచి ఎవరో వచ్చి రాసేదాకా అది బతికున్నట్టే. మా కంప్యూటర్లు అలా బతికాయి. మానిటర్లలో బల్లులు గుడ్లు పెట్టాయి. బ్యాటరీలు ఉబ్బి, పక్కలు పగిలి, రాకు కింద గచ్చు మీద తెల్లటి పొక్కు లేచింది. నెలకోసారి తలుపు తీసి, చూసి, మళ్లీ వేసేదాన్ని. ఇన్‌చార్జి అంటే అదే పని.

రాష్ట్రం రెండైన ఏడాది ఏదో పథకంలో కొత్త బ్యాటరీలు మంజూరయ్యాయి. సప్లయరు మనిషి వ్యానులో తెచ్చాడు. కొత్తవి ఇచ్చినవాడు పాతవి పట్టుకెళ్లి, సీసం పద్ధతిగా కరిగించే ఫ్యాక్టరీకి పంపాలి, అది రూలు. ఆ రూలు అతను తెచ్చిన కాగితం మీదే అచ్చయి ఉంది. ‘పాత బ్యాటరీలు పదహారూ తిరిగి తీసుకోబడినవి’ అని కింద ఉంది, దాని కింద మా సంతకాలకి ఖాళీ ఉంది. వ్యానులో చోటు లేదన్నాడు. ఇంకా నాలుగు బళ్లు తిరగాలన్నాడు. సంతకం పెట్టకపోతే బిల్లు పాస్ కాదని, పాతవి మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండని చెప్పాడు. హెడ్మాస్టారు కళ్లజోడు కూడా పెట్టుకోకుండా సంతకం చేసి కాగితం నా వైపు తోశారు.

నేను చదివాను. మొత్తం చదివాను. అది పచ్చి అబద్ధమని తెలిసే సంతకం పెట్టాను. పెట్టమని ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ పదహారు బ్యాటరీలు నాకు కావాలి, అందుకని పెట్టాను.

ఎందుకు కావాలో చెప్పాలంటే మా అప్ప గురించి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. మాది సముద్రం మీద బతికే కులం. అప్ప నాకన్నా ఏడేళ్లు పెద్ద. అయిదో తరగతితో బడి మానేసి వలలు అల్లింది. ఆ వలల కూలితోనే నేను చదివాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత జరిగింది అర్థం కావడానికి చెప్తున్నాను. మా బావ బోటు మీద వేటకి వెళ్తాడు. వల బాగుచెయ్యడంలో అప్పని మించినవాళ్లు మా పేటలో లేరు. చిరిగిన వల ఆమె ముందు పడేస్తే, చెక్క సూది పట్టుకుని, మాట్లాడుతూనే, కళ్లు ఎటో పెట్టుకునే అల్లేసేది.

వలకి పైతాడు తేలడానికి బెండ్లు కడతారు, అడుగు తాడు మునగడానికి సీసం గుండ్లు కడతారు. ఈ గుండ్లు మా పేటలో ఇంట్లోనే పోసుకుంటారు. సరుగుడు పుల్లల మంట మీద ఇనప మూకుడు పెట్టి సీసం కరిగించి, ఇటుక మీద చెక్కిన గాడిలో పోస్తారు. చల్లారాక చిన్న చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కని తాడు చుట్టూ వంచి నొక్కాలి. ఇక్కడే మావాళ్ల పద్ధతి ఒకటుంది. తాడు బిగువుగా ఉండటానికి ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుంటారు. రెండో కొస ఒక చేత్తో లాగి పట్టుకుంటారు, ఇంకో చేత్తో సీసం ముక్క వంచుతారు. నొక్కడానికి మూడో చెయ్యి లేదు కదా, పంటితో నొక్కుతారు. పటకారుతో నొక్కితే తాడు నలిగిపోతుందని, ఎంత నొక్కాలో పంటికి తెలుస్తుందని అప్ప అనేది. మా అమ్మ అలాగే నొక్కింది, వాళ్లమ్మా అలాగే నొక్కిందట. చిన్నప్పుడు నేనూ నొక్కాను. కొంచెం తియ్యగా ఉంటుంది.

సీసం బజార్లో కొనాలంటే మాటలు కాదు. మావాళ్లు పాత గుండ్లనే మళ్లీ మళ్లీ కరిగించి వాడేవారు. అలాంటి ఇంటికి పదహారు బ్యాటరీల సీసం అంటే పెట్టెడు బంగారం. ప్రభుత్వం పారేసేది, సప్లయరు వద్దన్నది, అప్పకి పనికొస్తుంది కదా అనుకున్నాను. వ్యర్థాన్ని సార్థకం చేస్తున్నానని గర్వపడ్డాను కూడా. పైవాళ్లు వచ్చి చచ్చాయని రాసిన మానిటర్లూ వైర్లూ పాతసామాన్ల అతను పట్టుకెళ్లి నాగావళి ఒడ్డున రాగి కోసం తగలబెడుతున్నాడని తెలిసి, అక్కడికి వెళ్లి మరీ వాణ్ణి తిట్టి వచ్చాను. ఆ పొగ ఎంత చెడ్డదో నడిరోడ్డు మీద పాఠం చెప్పాను. గురివింద గింజ తన నలుపు ఎరగదని ఊరికే అనలేదు.

బ్యాటరీలు ఆటోలో వేసుకుని పేటకి వెళ్లినరోజు నాకు జరిగిన మర్యాద నా పెళ్లిలో కూడా జరగలేదు. వీధి వీధంతా వచ్చి చూసింది. అప్ప నాకోసం నెత్తళ్ల చేపల పులుసు వండింది. సాయంత్రం బావ కత్తి పెట్టి మొదటి బ్యాటరీ పగలగొట్టాడు. నేను టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. అందులో నీళ్లు యాసిడ్ అనీ, చేతుల మీద పడితే కాలుతుందనీ, నూతికి దూరంగా పారబొయ్యమనీ బావకి చెప్పాను. ఇరవై ఏళ్ల సైన్సులోంచి నా నోటివెంట వచ్చింది ఆ ఒక్క ముక్కే. అప్ప పలకల్ని విదిలించి, బూడిదలాంటి ఆ పొడి గాలికి ఎగురుతుంటే కొంగుతో మొహం తుడుచుకుని, మూకుట్లో వేసి కరిగించింది. ఆ కొంగుతోనే మళ్లీ నాకు గ్లాసు తుడిచి నీళ్లిచ్చింది.

రెండేళ్లు ఆమె పెరట్లో మూకుడు చల్లారలేదు. తన వలలకే కాదు, వీధిలోవాళ్లందరికీ గుండ్లు పోసిచ్చేది. అందరికీ తనే నొక్కిపెట్టేది. బ్యాటరీ అప్ప అని పిలిచేవారు.

రెండో ఏడు మొదట కడుపునొప్పి వచ్చింది. మెలిపెట్టి తిప్పేసే నొప్పి. మలబద్ధకం, నోట్లో ఇనప రుచి, అన్నం సయించకపోవడం. మనిషి పాలిపోయింది. శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నోరు తెరవమన్నాడు. చిగుళ్ల మీద, పళ్ల మొదట్లో, నల్లటి గీత ఉంది. చూడగానే ఆయనకి జవాబు దొరికిపోయింది. అడ్డచుట్ట కాలుస్తావా అని అడిగాడు. కాలుస్తానని అప్ప తలూపింది. మా తీరంలో ఆడవాళ్లు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరకుండా ఉండటానికి ఎప్పుడో మొదలైన అలవాటు. చదువుకున్నవాళ్లకి అదంటే అసహ్యం. డాక్టరు ఇక వేరే ప్రశ్న అడగలేదు. నోటిలో నలుపుకీ, కడుపునొప్పికీ, రక్తం తగ్గడానికీ, అన్నిటికీ కారణం చుట్టే. మానకపోతే కేన్సరొచ్చి పోతావని చెప్పి గ్యాసు మాత్రలు రాసి పంపించాడు.

నాకు ఆ మాట చాలు. ఆయన కన్నా నేనే ఎక్కువ రెచ్చిపోయాను. ఇంట్లో చుట్టలన్నీ వెతికి పొయ్యిలో పడేశాను. మానేస్తానని అప్ప ఒట్టు వేసింది, మానేసింది కూడా. పాతికేళ్ల అలవాటు. మూడు వారాలు చేతులు వణుకుతూ, నిద్ర లేక, గోడకేసి కూర్చుంది. నొప్పి తగ్గలేదు. తగ్గకపోయేసరికి దొంగతనంగా కాలుస్తోందని నా అనుమానం. ఒకరోజు పేటకి వెళ్లి, వీధిలో నలుగురూ చూస్తుండగా, ఏదీ నోరు తెరువు అని దగ్గరికి లాగి వాసన చూశాను. నాకన్నా ఏడేళ్లు పెద్దదాన్ని అలా చేశాను. ఆవిడ నోరు తెరిచింది. చుట్ట వాసన లేదు. అయినా నేను క్షమించమని అడగలేదు, ఇలాగే ఉండు అని చెప్పి వచ్చేశాను. ఆరోజు కూడా పెరట్లో మూకుడు కింద మంట ఉంది. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టు, నేను నిప్పుని చుట్టలో వెతికాను.

ఆ శీతాకాలం ఒక పొద్దున్న అప్పకి కుడిచెయ్యి లేవలేదు. భుజం బాగుంది, మోచెయ్యి బాగుంది, మణికట్టు దగ్గర మాత్రం చెయ్యి కిందికి వేలాడిపోయింది. వేళ్లు చాచలేదు. చెక్క సూది పట్టుకుంటే జారిపోయింది. పక్షవాతం అన్నారు. బావ ఎక్కడినుంచో పావురాన్ని తెచ్చి దాని నెత్తురు చేతికి రాయించాడు. నాకు ఫోన్ చేసేసరికి అయిదు రోజులైంది. అప్ప ఏడుస్తోందేమోనని వెళ్లాను. ఏడవడం లేదు, మడిచిన వల ముందు పెట్టుకుని కూర్చుంది. వల అల్లలేకపోతే తనకి ఇంక ఏ పనీ లేదని, ఈ చెయ్యి వస్తాదా రాదా అదొక్కటి కనుక్కోమని అడిగింది.

విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ చూసింది. నా దగ్గర చదివిన పిల్లల వయసు. ఆ అమ్మాయి శ్రీకాకుళం డాక్టరులా ముందు నోరు చూడలేదు, ముందు పనేమిటని అడిగింది. వల పని అంటే ఎలా చేస్తారో చూపించమంది. అప్ప మంచం మీద కాలు చాపి, బొటనవేలికి తాడు ఉన్నట్టు చూపించి, ఎడమచేత్తో గుండు వంచినట్టు చేసి, పళ్లు నొక్కి చూపించింది. డాక్టరమ్మ లేచి నిలబడింది. పెదవి పైకెత్తి ఆ నల్లగీతని లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత, ఈ సీసం ఎక్కడిదమ్మా అని అడిగింది.

అప్ప గెడ్డంతో నన్ను చూపించింది. “మా సెల్లి తెచ్చినాది. ఇస్కూల్లో పెద్ద టీచరు” అంది.

ఆ మాట ఆమె గొప్పగా చెప్పింది. ఆసుపత్రిలో నా పరపతి పెరగాలని చెప్పింది. డాక్టరమ్మ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. రక్తపరీక్షకి పంపి, రిపోర్టు వచ్చాక నన్ను బయటికి పిలిచి చెప్పింది. సీసం ఒంట్లో చేరిపోయిందట. అది నరాలకి పట్టడంవల్లే చెయ్యి పడిపోయిందట, కడుపునొప్పీ అదేనట. దాన్ని ఒంట్లోంచి బయటికి లాగే మందు ఉంది. చెయ్యి రావచ్చు, సగమే రావచ్చు. ఇంకొక్క గుండు పోసినా, నొక్కినా, ఆ ఇంట్లో ఆ దుమ్ము ఉన్నా మాత్రం రాదని తెగేసి చెప్పింది.

పెరట్లో ఇంకా ఆరు బ్యాటరీలు ఉన్నాయి. తాటాకుల కింద, పగలగొట్టకుండా. అప్ప చెయ్యి రావాలంటే అవి అక్కడినుంచి పోవాలి. పాతసామాన్లవాడికి ఇస్తే నిమిషంలో పోతాయి. పోయి ఇంకో పెరట్లో, ఇంకో మూకుడు కిందకి చేరతాయి. ఆపాటి బుద్ధి నాకు అప్పటికి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

సప్లయరుకి ఫోన్ చేశాను. పాత బ్యాటరీలు ఆరు మిగిలాయి, వచ్చి పట్టుకెళ్లమన్నాను. అతను కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత నవ్వాడు.

“మేడమ్, మీ బడివి పదహారూ ఎప్పుడో రీసైకిల్ అయిపోయాయి కదా. మీ సంతకం ఉంది.”

శ్రీకాకుళంలో ఆఫీసుకి వెళ్లాను. ఫైలు తీసి చూపించారు. ఎంత చక్కటి ఫైలు! మా ఒక్క బడే కాదు, చుట్టుపక్కల అన్ని బళ్ల బ్యాటరీలూ వెనక్కి వెళ్లిపోయి, కరిగిపోయి, కొత్త బ్యాటరీలైపోయాయి. నెల్లిమర్లలో పనిచేసే నా స్నేహితురాలికి అక్కడినుంచే ఫోన్ చేసి అడిగాను. వాళ్లూ అలాగే సంతకం పెట్టారట, బ్యాటరీలు తోటమాలి అమ్ముకున్నాడట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. మా అప్ప పెరట్లో ఇంకా ఆరు ఉన్నాయి, ఇది దొంగ ఫైలని గొంతు పెంచి అన్నాను. టేబుల్ వెనకున్నాయన చాలా మర్యాదగా ఒక ప్రశ్న వేశాడు. రికార్డు ప్రకారం లేని బ్యాటరీలు మీ అక్కగారి పెరట్లోకి ఎలా వచ్చాయమ్మా, అన్నాడు. అంటే దొంగని నేను. నిజమే కదా. లేచి వచ్చేశాను. దానికి కూడా నాకు కోపమే.

బడికి వెళ్లి, నేను తప్పుడు సంతకం పెట్టానని రాతపూర్వకంగా రాసి హెడ్మాస్టారికి ఇచ్చాను. ఆయనకి రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. పెన్షన్ ఆగిపోతుందని, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని, మీ అక్కకి వైద్యం అవుతోంది కదా ఇంకెందుకని బతిమాలారు. మంచివాడే. ఆ మంచివాళ్ల సంతకాల మీదే కదా ఈ దేశంలో అబద్ధాలన్నీ నడుస్తున్నాయని మొహం మీదే అనేశాను. ఆయన కాగితం పైకి పంపారు. సస్పెండ్ చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. వివరణ ఇవ్వమని ఒక మెమో వచ్చింది, ఇచ్చాను. ఆ వివరణ అందిందని ఇంకో కాగితం వచ్చింది. అంతే. శిక్ష వేస్తే సప్లయరు మీద కూడా వెయ్యాలి, ఫైలు తప్పని ఒప్పుకోవాలి. నన్ను క్షమించడమే వాళ్లకి చవక.

చివరికి ఆరు బ్యాటరీలూ ఆటోలో వేసుకుని, బావని వెంటబెట్టుకుని, శ్రీకాకుళంలో పెద్ద బ్యాటరీ షాపుకి వెళ్లాను. కొత్తవి అమ్మే ప్రతివాడూ పాతవి తీసుకోవాలని ఆ షాపు గోడ మీదే బోర్డుంది. ఆ బోర్డు కింద మెట్ల మీద ఆరూ దింపించాను. యజమాని పాతసామాను రేటు కట్టి తీసుకుంటానన్నాడు. డబ్బు వద్దు, ఇవి ఏ ఫ్యాక్టరీకి వెళ్లాయో ఆ ఫ్యాక్టరీ ముద్రతో కాగితం కావాలన్నాను. అలాంటి కాగితం ఇంతవరకు ఎవరూ అడగలేదట. నేను అడుగుతున్నాను కదా అన్నాను. మెట్ల మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా వచ్చిన ప్రతి కొనుగోలుదారుకీ మా అప్ప చెయ్యి గురించి చెప్పాను. బావ తల దించుకుని పక్కన కూర్చున్నాడు. సముద్రం మీద ఎంత గాలివానకీ భయపడని మనిషి, బజార్లో నా నోటికి సిగ్గుపడిపోయాడు. షాపతను చివరికి రసీదు రాసిచ్చాడు. ఫ్యాక్టరీ కాగితం మాత్రం మూడు నెలలు రోజు విడిచి రోజు ఫోన్ చేస్తే వచ్చింది. గుండ్రటి ముద్ర, కింద ఎవరిదో సంతకం. అది నిజమైన కాగితమేనా అంటే, సంతకాల సంగతి తెలిసిన దాన్ని కాబట్టి, ఒట్టు వేసి చెప్పలేను.

పేటలో నాకు మంచిపేరు పోయింది. మూకుళ్లు మానెయ్యండని ఇంటింటికీ తిరిగాను. మరి గుండ్లకేటి సేమంటావని అడిగారు. తయారు గుండ్లు కొనుక్కోండి, పటకారుతో నొక్కండి అన్నాను. కొందరు విన్నారు. పక్కవీధిలో ఒకావిడ మాత్రం, ఇస్కూలు బేటరీల్లోనే ఏదో దోషం ఉన్నాది, ఆటో బేటరీలైతే ఏటీ అవ్వదని నాకే ధైర్యం చెప్పింది. ఆవిడ పెరట్లో పొగ ఇప్పటికీ లేస్తుంది. తుఫాన్లకి కరెంటు పోతుందని భయపడి ఇంటింటా ఇన్వర్టర్లు కొన్నారు, వాటి బ్యాటరీలూ చావడం మొదలైంది. సీసానికి కరువు లేదు.

అప్పని వైద్యానికి దగ్గరని నా ఇంట్లోనే ఉంచుకున్నాను. మణికట్టుకి పట్టీ కట్టి, రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. నెలలు గడిచాక వేళ్లు కొంచెం చాచగలిగింది. గ్లాసు పట్టుకోగలదు, బరువైతే జారిపోతుంది. చెక్క సూది పట్టుకుంటుంది గానీ ముడి బిగించలేదు. అంతవరకే వచ్చి అక్కడ ఆగింది. డాక్టరమ్మ ఇంక ఇంతే కావచ్చని చెప్పింది.

ఆ రోజుల్లోనే మా బడికి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద అవగాహన కార్యక్రమం జరపాలి, పిల్లలతో చార్టులు వేయించాలి, ఫొటోలు తీసి పంపాలి. పంపిన ఆఫీసు ఏదో చెప్పక్కర్లేదు. ఆ కాగితాన్ని ముక్కలు చేసి పారేద్దామనిపించింది. చెయ్యలేదు. ఆదివారం ఇంట్లో నేల మీద తెల్ల చార్టు పరుచుకుని నేనే నమూనా బొమ్మ వేస్తున్నాను. అప్ప గోడకానుకుని బంతి నొక్కుతూ చూస్తోంది.

పగిలిన బ్యాటరీ బొమ్మ చూపించి ఇదేటని అడిగింది. చెప్పాను. పక్కన మనిషి బొమ్మ ఎందుకంది. సీసం ఊపిరితోనూ నోటితోనూ లోపలికి పోయి నెత్తుట్లో కలుస్తుంది, కడుపు పట్టేస్తుంది, నరాలు చచ్చిపోతాయి, పిల్లలకైతే బుర్ర ఎదగదు అని, ఒక్కో బాణం గుర్తు మీద వేలు పెట్టి చెప్పాను. శ్రద్ధగా విని, ఇదంతా ఆ పెద్దాసుపత్రి డాక్టరమ్మ నేర్పిందా అని అడిగింది.

“లేదప్పా. పాఠంలోనే ఉంది. కాలుష్యం పాఠం.”

“ఎన్నాళ్లబట్టి సెప్తన్నావే ఈ పాటం?”

“ఉద్యోగంలో చేరినప్పటినుంచీ.”

అప్ప బంతి నొక్కడం ఆపింది. 

“మరి నాకెందుకు సెప్పనేదే?”

నిష్ఠూరం కాదు. నిష్ఠూరమైతే నేనూ ఎదురు మాట్లాడేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వందలమంది పిల్లలకి చెప్పిన మాట, తన వలల కూలితో చదువుకున్న చెల్లెలు తనకి ఎందుకు చెప్పలేదో ఆమెకి అర్థం కాలేదు. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. ఆ పాఠం నాకు రెండు మార్కుల ప్రశ్న. పరీక్ష రాసేవాళ్లకి చెప్పాల్సింది, అంతే. అయిదో తరగతితో ఆగిపోయిన మనిషికి పులుసు బాగుందని చెప్పాలి, చుట్ట మానమని చెప్పాలి, సైన్సు చెప్పాలని నాకు ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ తోచలేదు. సప్లయరుని తిట్టాను, ఆఫీసుని తిట్టాను, హెడ్మాస్టారిని తిట్టాను. వాళ్లలో ఎవరూ మా అప్ప చెయ్యి పట్టుకుని పెరగలేదు.

స్కెచ్ పెన్ను పక్కన పెట్టాను. కోప్పడటానికి ఎవరూ మిగల్లేదు. ఆమె పక్కకి జరిగి కూర్చుని, పాఠం మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను, సీసం అంటే ఏమిటో, అది ఎక్కడ దొరుకుతుందో. అప్ప కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, కొంచెం నెమ్మదిగా చెప్పమంది.